పాత ఇంటికి రిపేరా? మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేముందు ఇవి మాట్లాడుకోండి



చింతామణి, శిడ్లఘట్ట, ముళబాగిలు, హోసూరు పక్క మనవాళ్ళు చాలామంది తాతల నాటి పెంకుటింట్లోనే ఒక భాగం పురుగులకు వదిలి మేపుతున్నారు. అట్లాంటి ఇంటిని బాగు చేయించేటప్పుడు ఒక సంగతి మరవొద్దు. మనుషుల ఇంటికి సరిపోయే పని పురుగుల ఇంటికి సరిపోదు. ఆ తేడా మేస్త్రికి తెలియదు, మనమే చెప్పాలి.

*1. చెద మందు*
పెంకులు దించితే వాసాలకు చెద కనబడుతుంది. మేస్త్రి అలవాటుగా క్లోర్‌పైరిఫాస్ లాంటి మందు కొట్టిస్తాడు. అది పురుగులను చంపే మందే, పట్టుపురుగు కూడా పురుగే. గోడల్లో, కట్టెల్లో మిగిలిన కొంచెం మందు చాలు, పంట పోతుంది. "మాకు చెప్పకుండా ఏ మందూ కొట్టకూడదు" అని ముందే కాగితం మీద రాయించండి. చెద తిన్న వాసం తీసి కొత్తది వేయించుకోవడమే మేలు.

*2. గోడ*
మన పాత గోడలు చాలావరకు మట్టివి, లేదా మట్టితో పేర్చిన రాతివి. వాటి మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేదు. కొన్నాళ్ళకు పూత ఉబ్బి రాలుతుంది. చెమ్మ నిలిచిన గదిలో సున్నపుకట్టు రోగానికి దారి దొరుకుతుంది. అట్లాంటి గోడకు సున్నపు గారే తగినది. పైన రంగు బదులు సున్నం కొట్టించండి. ఆయిల్ పెయింటు వేస్తే వాసన పూర్తిగా పోయేదాకా పురుగులు పెట్టొద్దు.

*3. పైకప్పు*
పెంకులు తీసి ఆర్‌సీసీ వేద్దామని మేస్త్రి అంటే, ఇంజనీరుకు గోడలు చూపించకుండా ఒప్పుకోవద్దు. మట్టి గోడ ఆ బరువు మోయలేదు. రేకులు వేస్తే ఎండాకాలం గది కాలిపోతుంది. పెద్ద పురుగులకు 23 నుంచి 25 డిగ్రీలు మంచిదని మనకు తెలిసిందే.

*4. గాలి, నేల*
ఎదురెదురు కిటికీలు, పైన గాలి రంధ్రాలు అడగండి. అన్నిటికీ ఊజి ఈగ దూరని సన్న జాలీ, తలుపుకు కూడా. నేల నున్నగా, ఒక పక్కకు వాలుగా ఉండాలి, కడిగిన నీళ్ళు నిలవకూడదు.

*5. లెక్క*
పాత ఇల్లు విప్పితేగానీ లోపల ఏముందో తెలియదు. తగువులు అక్కడే వస్తాయి. కూలి మాత్రమేనా, సామానుతో కలిపా అని తేల్చుకోండి. అదనంగా వాసం మార్చాల్సి వస్తే ఒక్కోదానికి ఎంత, గోడ రిపేరు అడుగుకు ఎంత అని ముందే రాసుకోండి. డబ్బు పని జరిగే కొద్దీ ఇవ్వండి: పైకప్పు, గోడలు, నేల, తలుపులు-జాలీలు. పదోవంతు చేతిలో ఉంచుకుని, ఒక మంచి వాన పడినాక ఇవ్వండి. అతను రెండేళ్ళ ముందు చేసిన ఇల్లొకటి వెళ్ళి చూసి రండి, ఆ ఇంటివాళ్ళతో మాట్లాడండి.

*6. రోజులు*
రెండో జ్వరం లేచిన పురుగులు తెచ్చుకున్నా, గూళ్ళు విడిపించేదాకా మూడు వారాల పైమాటే. మధ్యలో దుమ్ము, సుత్తి దెబ్బలు వాటికి పనికిరావు. ఒక పంట వదులుకుని వానలకు ముందే పని పెట్టుకోండి. మేస్త్రి చెప్పిన తేదీని నమ్మి చాకీ ఆర్డరు ఇవ్వొద్దు. పని అయ్యి, సిమెంటు పని తడి ఆరి, గది కడిగి, బ్లీచింగు-సున్నం నీళ్ళతో శుద్ధి చేసినాకే ఇవ్వండి.

సబ్సిడీ ఆశ ఉంటే గోడ ముట్టుకోకముందే మీ పట్టు శాఖ అధికారిని కలవండి.

మీ ఊరి దగ్గర పురుగుల ఇంటి పని తెలిసిన మేస్త్రి ఉంటే, ఆయన్ను అడిగి గ్రూపులో చెప్పండి. పది మందికి ఉపయోగపడుతుంది.