ట్రాన్స్‌ఫార్మర్ నూనెకు తేమే ప్రధాన శత్రువు

(ప్రత్యేక వ్యాసం)

పంట పొట్ట దశలో ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దాని పరిధిలోని వ్యవసాయ బోర్లన్నీ ఒకేసారి నిలిచిపోతాయి. అధిక లోడు, పిడుగుపాటు, షార్ట్ సర్క్యూట్‌లతో పాటు లోపలి నూనెలో చేరిన తేమ కూడా ఇటువంటి వైఫల్యాలకు ఒక ముఖ్య కారణం. నూనె విద్యుత్తును ఎలా నిరోధిస్తుందో, ఆ శక్తిని ఎప్పుడు కోల్పోతుందో తెలిస్తే నష్టాన్ని ముందే నివారించవచ్చు.

నూనెలో విద్యుత్ ప్రవాహం

ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఖనిజ నూనె రెండు పనులు చేస్తుంది: తీగచుట్టల వేడిని బయటకు చేర్చడం, వాటి మధ్య విద్యుత్తు దూకకుండా ఆపడం. శుద్ధమైన నూనెలో విద్యుదావేశాన్ని మోసే అయాన్లు అత్యల్పం కనుక ప్రవాహం నామమాత్రంగా ఉంటుంది. తేమ, ఆమ్లాలు, మలినాలు చేరిన కొద్దీ అయాన్లు పెరిగి లీకేజీ ప్రవాహం అధికమవుతుంది.

నిరోధం తెగిపోయే విధానం

నూనెలో తేలే కాగితపు పీచు తడిసినప్పుడు ప్రమాదం తీవ్రమవుతుంది. నీటి పర్మిటివిటీ సుమారు 80 కాగా, నూనెది సుమారు 2.2 మాత్రమే. అందువల్ల తడి పీచులు విద్యుత్ క్షేత్రం బలంగా ఉన్న చోటికి ఆకర్షితమై, ఒకదాని వెంట ఒకటి చేరి వంతెనలా ఏర్పడతాయి. ఆ మార్గం గుండా విద్యుత్తు ఒక్కసారిగా దూకుతుంది. గాలి బుడగలూ ఇంతే ప్రమాదకరం. నూనె కంటే ముందే బుడగలోని వాయువు నిరోధం కోల్పోతుంది.

వేడి నూనె ఎక్కువ తేమను కరిగించుకుంటుంది. లోడు తగ్గి నూనె చల్లబడినప్పుడు అదనపు తేమ సూక్ష్మ బిందువులుగా విడిపోతుంది. కరిగిన తేమ కంటికి కనిపించదు. కనుక నూనె తేటగా ఉన్నంత మాత్రాన మంచిదని భావించరాదు.

పరీక్ష, ప్రమాణాలు

నూనె బలాన్ని బ్రేక్‌డౌన్ వోల్టేజి పరీక్షతో నిర్ధారిస్తారు. 2.5 మిల్లీమీటర్ల ఎడంలో రెండు ఎలక్ట్రోడ్లను నూనెలో ముంచి, విద్యుత్తు దూకే వరకు వోల్టేజిని క్రమంగా పెంచుతారు. ఆరు పర్యాయాలు పరీక్షించి సగటు తీస్తారు. 2018 నాటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 335 ప్రకారం కొత్త నూనెకు ఇది కనీసం 30 కిలోవోల్టులు, శుద్ధి చేసిన తరువాత 70 కిలోవోల్టులు ఉండాలి. అంతే ఎడంలో గాలి 10 కిలోవోల్టులలోపే నిరోధం కోల్పోతుంది. వాడుకలో ఉన్న నూనె విలువ 30 కిలోవోల్టుల కంటే తగ్గితే శుద్ధి గాని, మార్పిడి గాని అవసరం.

పాటించవలసిన జాగ్రత్తలు

* బ్రీదర్‌లోని నీలిరంగు సిలికా జెల్ గులాబీ రంగుకు మారితే వెంటనే ఆరబెట్టాలి లేదా మార్చాలి.
* నీరు అడుగున చేరుతుంది కనుక నమూనాను అడుగు వాల్వు నుంచి, పొడి సీసాలో, వాన లేనప్పుడు సేకరించాలి.
* వాక్యూమ్ ఫిల్టర్‌తో తేమ, వాయువులు, పీచు తొలగుతాయి. అయితే తీగచుట్టల కాగితంలో ఇంకిన తేమ తిరిగి నూనెలోకి రావచ్చు కనుక కొంతకాలానికి మళ్లీ పరీక్షించాలి.
* మరమ్మతు చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు నూనె పరీక్ష పూర్తికాకుండా విద్యుత్ సరఫరా ఇవ్వరాదు.

నూనె కారుతున్నా, బ్రీదర్ పగిలినా రైతులు స్వయంగా ట్రాన్స్‌ఫార్మర్‌ను తాకరాదు. స్థానిక విద్యుత్ సిబ్బందికి గాని, 1912 నంబరుకు గాని తెలియజేయాలి. నూనె పరీక్షకు పట్టేది కొద్ది సమయం. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చే లోపు ఎండిపోయే పంటకు మాత్రం పరిహారం కష్టం.