పాత జీపు కొనుటకు ముందు దాని మేత కొలువుడు

అంగడిలో ఎద్దును కొనునప్పుడు మన రైతు పండ్లు చూచును, నడిపించి చూచును, అరక కట్టి చూచును. అమ్మువాడు "దీనికి మేత తక్కువ" అన్నంతమాత్రమున రూపాయలు లెక్కపెట్టి యీయడు. ఆ రైతే పాత జీపు కొనబోయినప్పుడు "లీటరునకు 16 కిలోమీటర్లు పోవును" అను మాట విని బయానా యిచ్చుచున్నాడు. దున్నపోతు ఈనినదనగా దూడను కట్టివేయుమన్నట్లున్నది ఈ వ్యవహారము. మేమును ఒకప్పుడిట్లే మాట నమ్మి ఒక బండిని కొని, రెండేండ్లు దాని డీజిలుకొఱకే పాటుపడి, తుదకు నష్టమునకు అమ్ముకొంటిమి. సోదర రైతులకు ఆ గతి పట్టకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నాలుగు చక్రములకును ఇంజను బలము అందెడి బండిని మనవారు 'ఫోర్‌వీల్ జీపు' అందురు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యమునకై పుట్టిన విల్లీస్ జీపును మహీంద్రా వారు 1947 మొదలుకొని మన దేశమున కూర్చిరి. 1985 లో మారుతి వారి జిప్సీ వచ్చినది. అది పెట్రోలు బండి. ఇట్టి పాత బండ్లు నేటికిని చేతులు మారుచున్నవి.

ఇందల్వాయి రైతునకు ఇట్టి బండిపై ఆశ కలుగుట సహజమే. వానకాలమున పొలముబాట బురదయైనప్పుడు ఎరువుబస్తాలు చేర్చుట కష్టము. కాని యొక్క సంగతి యోచింపవలెను. పసుపు త్రవ్వి, ఉడికించి, ఆరబెట్టి నిజామాబాదు మార్కెటు యార్డునకు కొనిపోవు దినములు ఎండ దినములు. అప్పుడు బండి నడచునది 44వ జాతీయ రహదారిమీద. అచ్చట నాలుగు చక్రముల బలముతో పని లేదు. పైగా పాత జీపులలో పెక్కింటిని గట్టి తారురోడ్డుమీద నాలుగు చక్రముల గేరులో నడుపరాదు. మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు వెనుక చక్రములకంటె ఎక్కువ దూరము తిరుగును. రెంటిని ఒకే వేగమున కట్టివేసినచో గేర్లు బిగిసి, టైర్లు అరిగి, డీజిలు వృథాయగును. కావున ఏడాదిలో ఎన్ని దినములు బురదలో పనియుండునో మొదట లెక్కించుడు. ఆ దినములు పదికి మించనిచో ట్రాక్టరు కిరాయియే చౌక కావచ్చును.

ఇక కొలుచు విధము. సమతలముగానున్న బంకులో టాంకి నిండ నింపించి, మీటరు అంకె వ్రాసికొనుడు. మీరు నిత్యము పోవు బాటలోనే, మీరు వేయు బరువుతోనే, 100 కిలోమీటర్లకు తక్కువ గాకుండ నడుపుడు. మరల ఆ బంకులోనే, ఆ స్థలముననే, వెనుకటి మట్టమునకే నింపించుడు. ఈ మారు ఎన్ని లీటర్లు పట్టెనో అదియే బండి తిన్న మేత. సీసాతో ఒక లీటరు పోసి చూచుట నమ్మదగినది కాదు. మీటరునుగూడ పరీక్షింపవలెను. రహదారి ప్రక్కనున్న కిలోమీటరు రాళ్లు పది దాటునప్పటికి మీటరు పది చూపవలెను. పాత టైర్ల స్థానమున పెద్ద టైర్లు వేసియున్నచో మీటరు తక్కువ చూపును. చిన్నవైనచో ఎక్కువ చూపును. బురదలో దున్నినట్లు పోవు పనికి మాత్రము కిలోమీటర్ల లెక్క పనికిరాదు. గంటకెన్ని లీటర్లో చూడుడు.

ఈ విధమున ఒక సభ్యునికై మేము రెండు డీజిలు జీపులను కొలిచితిమి. రెండవదాని ధర మొదటిదానికంటె 40,000 రూపాయలు ఎక్కువ. 120 కిలోమీటర్లకు మొదటిది 12.5 లీటర్లు, రెండవది 10 లీటర్లు త్రాగెను. అనగా మొదటిది లీటరునకు 9.6, రెండవది 12 కిలోమీటర్లు. ఆ సభ్యుడు ఏడాదికి నడుపునది 6,000 కిలోమీటర్లు. ఆ లెక్కన రెండవదానిలో ఏటికి 125 లీటర్లు మిగులును. లీటరు 95 రూపాయల వంతున 11,875 రూపాయలు. ఎక్కువ యిచ్చిన ధర తిరిగి వచ్చుటకు మూడేండ్లు దాటును. అతడు "అయ్యా, అప్పు కొంచెము ఎక్కువైనను రెండవదే కొందును" అనెను.

మేము ఒక్క దినము ఆగుమంటిమి. మొదటి జీపు నల్లపొగ విడుచుచుండెను. నడచి నిలిచిన పిదప ఒక చక్రపు డ్రమ్ము చేయి పెట్టరానంత కాగుచుండెను. యజమాని యొప్పుకొనగా మెకానిక్కుచే గాలి ఫిల్టరు మార్పించి, పట్టుకొనియున్న బ్రేకు సరిచేయించితిమి. మరల కొలువగా 120 కిలోమీటర్లకు 10.5 లీటర్లే పట్టెను. ఇప్పుడు రెంటికి భేదము ఏటికి 25 లీటర్లు, అనగా 2,375 రూపాయలు మాత్రమే. దానికై 40,000 రూపాయల అప్పు మీదవేసికొనుట అవివేకము. అతడు మొదటి జీపునే కొనెను. మొదటి కొలత కాగితము చూపుటచే ధరయు కొంత తగ్గెను.

కావున అధికముగా త్రాగు బండి యెల్ల చెడ్డది కాదు, కారణము వెదకవలెను. నల్లపొగయైనచో గాలి చాలకుండుటయో, ఇంజెక్టర్ల దోషమో కావచ్చును. ఇవి సులభముగా బాగగును. నీలిపొగ యైనచో ఇంజను నూనె కాలుచున్నదని యర్థము. అది పెద్ద ఖర్చు, దూరముగా నుండుటయే మేలు. టైర్లలో గాలి తక్కువైనను, క్లచ్చి జారుచున్నను మేత పెరుగును.

మఱియొక మాట. పెట్రోలు బండిని డీజిలు బండితో కిలోమీటర్ల లెక్కన పోల్చరాదు. కిలోమీటరునకు ఎన్ని రూపాయలో చూచి పోల్చుడు. లీటరునకు 8 పోవు బండి 10 పోయినచో 100 కిలోమీటర్లకు 2.5 లీటర్లు మిగులును. 16 పోవునది 18 పోయినచో 0.7 లీటరైన మిగులదు. రెండుచోట్లను భేదము రెండే యైనను లాభము ఒకటి కాదు.

బండికి వెనుకటి యప్పు తీరినదా, రిజిస్ట్రేషను గడువు ఎంతవఱకున్నది, భీమా కలదా అనునవి కాగితములపై చూచుకొనుడు. సంఘమున ఋణమడుగుటకు ముందు బండి ధర, మరమ్మతు, ఏడాది డీజిలు మూడును ఒక కాగితముపై వ్రాసి కూడుడు. ఏడు నెలలకు పైగా నేలలో పెంచిన పసుపును ఏడాది తిరుగకముందే పొగగా విడువకుండుటకు ఆ కాగితమొక్కటి చాలును.