ఉద్యోగం పోతే భృతి.. యజమాని వేసే ఆ ఒక్క అంకె ఎందుకు కీలకం?

ఈఎస్ఐ పరిధిలో ఉన్న ప్రతి యజమానీ నెలనెలా ఒక పట్టిక నింపి పోర్టల్‌లో పెట్టాలి. ఒక్కో కార్మికుడికి ఒక్కో వరుస: బీమా నంబరు, పేరు, పనిచేసిన రోజులు, జీతం. పని రోజులు సున్నా అయితే కారణం చెప్పాలి. దానికి వాక్యాలు రాయనక్కర్లేదు, ఒక అంకె వేస్తే చాలు. 1 అంటే సెలవులో ఉన్నాడు. 2 అంటే ఉద్యోగం వదిలి వెళ్లాడు. 10 అంటే యాజమాన్యమే తొలగించింది. 11 అంటే పని లేదు. ఇలా మొత్తం డజనుకు పైగా అంకెలున్నాయి.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఫ్యాక్టరీలో పనిచేసే తెలుగు కార్మికుడికైనా, రైల్వే కాంట్రాక్టరు దగ్గర బోగీలు కడిగే మనిషికైనా, ఉద్యోగం పోయాక భృతి అడగాల్సి వస్తే 2కూ 10కీ మధ్య తేడా చాలా పెద్దది.

మన దేశంలో నిరుద్యోగ బీమా లేదనే చాలామంది అనుకుంటారు. అమెరికాలోలాగా అందరికీ లేని మాట నిజమే. కానీ ఈఎస్ఐ చందాదారులకు మాత్రం 2005 ఏప్రిల్ 1 నుంచి రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, ఉద్యోగుల కోతలో పని పోయినా దాని కింద భృతి ఇస్తారు. 2018 జూలై 1న అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. ఇది ఇంకాస్త విశాలమైనదే కానీ కాలం తక్కువ: గరిష్ఠంగా 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారి. మొదట్లో సగటు రోజు వేతనంలో 25 శాతమే ఇచ్చేవారు. ఉద్యోగం పోయాక 90 రోజులు ఆగాలి. పైగా దరఖాస్తు చివరి యజమాని చేతుల మీదుగానే వెళ్లాలి. పని నుంచి తీసేసిన మనిషి దగ్గరకే తిరిగి వెళ్లి, ‘నన్ను తీసేశారని రాసివ్వండి’ అని అడగడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కోవిడ్ లాక్‌డౌన్‌లో ఈ పద్ధతి పనికిరాదని తేలిపోయింది. 2020 ఆగస్టులో ఈఎస్ఐసీ నిబంధనలు సడలించింది. భృతి 50 శాతానికి పెరిగింది, నిరీక్షణ 30 రోజులకు తగ్గింది. కార్మికుడు నేరుగా బ్రాంచి ఆఫీసుకే దరఖాస్తు పెట్టుకోవచ్చు, డబ్బు అతని బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. తాత్కాలికమన్న ఈ పథకాన్ని పొడిగిస్తూ వచ్చి, 2024లో మరోసారి 2026 జూన్ 30 వరకు పెంచారు.

అయితే, దరఖాస్తు దారిలోంచి యజమాని తప్పుకున్నా, అర్హత లెక్కలోంచి తప్పుకోలేదు. కనీసం రెండేళ్లు బీమా ఉద్యోగంలో ఉండాలి. ఉద్యోగం పోవడానికి ముందరి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడి ఉండాలి. అంతకు ముందరి మూడు కాలాల్లో కనీసం ఒకదానిలోనూ 78 రోజులు ఉండాలి. ఆ రోజుల లెక్క చెప్పేది యజమాని పంపిన పట్టికే. క్రమశిక్షణ చర్య కింద తొలగించినవారికీ, పదవీ విరమణ చేసినవారికీ, స్వచ్ఛందంగా పని మానేసినవారికీ భృతి రాదు. మానేశాడా, మాన్పించారా అన్న ప్రశ్నకు ఆఫీసు రికార్డులో మొదట కనిపించే జవాబు కూడా యజమాని వేసిన అంకే.

డబ్బు సంగతి చూస్తే, నెలకు 21 వేల రూపాయల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. 15 వేల జీతానికి యజమాని 488, కార్మికుడు 113 రూపాయలు కడతారు. తర్వాతి నెల 15వ తేదీలోగా జమ చేయాలి, ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ. అదే కార్మికుడి ఉద్యోగం పోతే, రోజుకు 500 లెక్కన సగం, అంటే 250 చొప్పున 90 రోజులకు 22,500 వస్తుంది. పెద్ద మొత్తం కాదు, మూడు నెలల ఇంటి అద్దెకూ బియ్యానికీ సరిపోతుందేమో.

యజమానికి ఏమిటి లాభం?

అమెరికాలో నిరుద్యోగ బీమాను రాష్ట్రాల ఏజెన్సీలు నడుపుతాయి. అక్కడ పన్ను దాదాపు పూర్తిగా యజమానిదే. తన దగ్గర పని పోయినవారు ఎంత ఎక్కువమంది భృతి తీసుకుంటే, అతని పన్ను రేటు అంత పెరుగుతుంది. అందుకే దరఖాస్తు రాగానే ఏజెన్సీ యజమానికి నోటీసు పంపుతుంది. అతను గడువులోగా కారణం చెప్పాలి, కావాలంటే అభ్యంతరం పెట్టవచ్చు. తేలకపోతే విచారణ జరుగుతుంది, కార్మికుడు తన వాదన వినిపించుకోవచ్చు.

మన దగ్గర ఎంతమంది భృతి తీసుకున్నా 3.25 శాతం మారదు. ఆ లెక్కన అడ్డుపడాల్సిన అవసరం యజమానికి లేదు. మరి 10 వేయాల్సిన చోట 2 వేయాలన్న ఆశ ఎందుకు పుడుతుంది? సమాధానం ఈఎస్ఐలో లేదు, ఇంకో చట్టంలో ఉంది. కార్మికుణ్ని తొలగించానని ఒప్పుకుంటే పరిహారం కట్టాలి: నెల నోటీసు లేదా నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దీనికి మరో 15 రోజుల వేతనం కలిపింది. కొత్త నైపుణ్యం నేర్చుకునేందుకు ఆ మొత్తాన్ని 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో వేయాలి. ‘తనే మానేశాడు’ అంటే ఇదంతా తప్పుతుంది. భృతి విషయంలో యజమానికి నష్టం లేకపోయినా, అంకె విషయంలో ఉంది. కార్మికుడి భృతి ఇక్కడే ఇరుక్కుంటుంది.

ఈ పరిహారపు నిబంధనకు ఖరగ్‌పూర్‌తో పాత బంధం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవారితో ఇక్కడ తెలుగు వాడలు ఏర్పడ్డాయి. 1927లో ఇక్కడి వర్క్‌షాపులో సమ్మె జరిగింది, ఆ తర్వాత ఉద్యోగాల కోత, దాన్ని ఎదిరించినందుకు లాకౌట్. ఆ రైల్వే కార్మికుల నాయకుల్లో ఒకరు బరంపురానికి చెందిన వరాహగిరి వేంకటగిరి. ఆయన 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. తొలగించిన కార్మికుడికి పరిహారం ఇవ్వాలన్న అధ్యాయం పారిశ్రామిక వివాదాల చట్టంలో చేరింది 1953లో, ఆయన మంత్రిగా ఉండగానే.

రైల్వే పట్టణంలో ఎవరికి వర్తిస్తుంది?

రైల్వే పర్మినెంట్ ఉద్యోగులు ఈఎస్ఐలో లేరు. వారికి రైల్వే ఆసుపత్రి, వేరే సర్వీసు నిబంధనలు ఉన్నాయి. ఈఎస్ఐ వర్తించేది కాంట్రాక్టరు కింద పనిచేసేవారికి, నిమ్‌పురా లాంటి పారిశ్రామికవాడల్లోని ఫ్యాక్టరీ కార్మికులకు. రైల్వే పనికి కాంట్రాక్టరు మనుషుల్ని పెడితే, చట్టం దృష్టిలో అతను దగ్గరి యజమాని, రైల్వే అసలు యజమాని. కాంట్రాక్టరు చందా ఎగ్గొడితే ముందుగా కట్టాల్సింది అసలు యజమానే, తర్వాత అతని బిల్లులోంచి రాబట్టుకోవచ్చు. కాంట్రాక్టు కార్మికుల వేతనాలు నమోదు చేయడానికి రైల్వే 2018లో శ్రామిక్ కల్యాణ్ పోర్టల్ పెట్టడానికి ఒక కారణం ఈ బాధ్యతే.

కాంట్రాక్టు మారినప్పుడే చిక్కు. పాత కాంట్రాక్టరు వెళ్లిపోతాడు, కొత్తవాడు అదే మనుషుల్ని పెట్టుకుంటాడు, మధ్యలో కొన్ని వారాలు చందా పడదు. బీమా నంబరు జీవితాంతం ఒకటే కాబట్టి పాత సర్వీసు పోదు. కానీ కొత్త కాంట్రాక్టరు తెలియక రెండో నంబరు తీసుకుంటే, రెండేళ్ల లెక్క రెండు ముక్కలవుతుంది. పట్టికలోని 13వ అంకె, అంటే ఒకే మనిషికి రెండు నంబర్లు, ఇలాంటి వాటి కోసమే.

యజమానులను దారికి తేవడానికి ఈఎస్ఐసీ కర్ర ఒక్కటే వాడటం లేదు. 2025 జూలై 1న మొదలైన ‘స్ప్రీ’ పథకంలో, అప్పటిదాకా నమోదు కాని సంస్థలు ముందుకొస్తే పాత బకాయిలు అడగబోమని చెప్పింది. లోపలికి రావడానికి ఇది మంచి ఎరే. వచ్చాక పట్టిక నిజంగా నింపేలా చూడటానికి మాత్రం ఇలాంటి ఎర ఏదీ లేదు.

జీతంలోంచి 0.75 శాతం కోసి జమ చేయకపోవడం నేరం. కోసినది జమ అయిందో లేదో, ఎన్ని రోజులకు అయిందో ఈఎస్ఐసీ పోర్టల్‌లో గానీ ఉమంగ్ యాప్‌లో గానీ బీమా నంబరుతో కార్మికుడే చూసుకోవచ్చు. చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఉద్యోగం ఉన్నప్పుడే ఒక్కో కాలం చివర 78 రోజులు పడ్డాయో లేదో చూసుకుంటే తప్పును కాంట్రాక్టరు చేతే దిద్దించవచ్చు. అతను వెళ్లిపోయాక ఆ పని బ్రాంచి ఆఫీసు చుట్టూ తిరగడంగా మారుతుంది.