బడి పత్రికకు విలేఖరులు కావాలి

పాఠశాల పత్రిక అనగానే మనకు గుర్తుకొచ్చేది వార్షికోత్సవం నాడు పంచే సంచిక. హెడ్మాస్టరు గారి సందేశం, నాలుగు గేయాలు, పొడుపుకథలు, ర్యాంకులు తెచ్చుకున్నవారి ఫొటోలు. అది సాహిత్య సంచిక అయితే కావచ్చుగాని పత్రికా రచన మాత్రం కాదు. పిల్లలు తామే వెళ్ళి, చూసి, అడిగి, రాసుకొని వచ్చినప్పుడే అది వార్త అవుతుంది.

మౌలాలి బడులకు వార్తల కరువేమిటి? రైల్వే యార్డు, లోకో షెడ్డు, గుట్టమీద దర్గా ఉన్నాయి. గుట్ట దిగువన ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి ఉన్నది. ఆమె 1824లో మరణించగా, తల్లి కోసం తాను కట్టించిన ఆవరణలోనే ఖననం చేశారు. ఆ దారిన బడికెళ్ళే పిల్లల్లో ఎందరు లోపలికి తొంగిచూశారో!

అచ్చు ఖర్చు అక్కర్లేదు. రెండు డ్రాయింగ్ షీట్లు, స్కెచ్ పెన్నులు ఉంటే పక్షానికొక గోడపత్రిక వస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఆరేడుగురు చాలు. సంపాదకుడు ప్రతి సంచికకూ మారాలి, లేకపోతే క్లాసు ఫస్టు వచ్చినవాడే శాశ్వత సంపాదకుడైపోతాడు! ఫ్రాన్సులో ఫ్రెనే అనే పల్లెటూరి పంతులు 1920లలో తరగతిలోనే చిన్న అచ్చుయంత్రం పెట్టి, పిల్లల రాతలను వాళ్ళచేతనే అచ్చువేయించాడు. వాటిని దూరపు బడులకు పంపి, అక్కడి పత్రికలు తెప్పించుకునేవారు. మౌలాలి బడి నాచారం బడితో ఆ మాత్రం ఇచ్చిపుచ్చుకోలేదా?

అసలు చిక్కు వేరే ఉంది. "మరుగుదొడ్లో నీళ్ళు రావడం లేదు" అని ఓ అమ్మాయి రాసిందనుకోండి. ఆ షీటు గోడమీద ఉంటుందా? 1983లో అమెరికాలోని హేజెల్‌వుడ్ ఈస్ట్ హైస్కూలు ప్రిన్సిపాలు విద్యార్థుల పత్రికలో రెండు పేజీలు తీసేయించాడు. ఒక వ్యాసం గర్భవతులైన విద్యార్థినుల గురించి, మరొకటి తల్లిదండ్రుల విడాకుల గురించి. 1988లో సుప్రీంకోర్టు అయిదుగురు ముగ్గురు తేడాతో పాఠశాల పక్షమే తీర్పు చెప్పింది. ఆ అమ్మాయిలెవరో పోల్చుకోవచ్చుననీ, నిందకు గురైన తండ్రికి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వలేదనీ ప్రిన్సిపాలు వాదన. ఈ రెండూ మంచి విలేఖరి పాటించవలసిన నియమాలే, కాదనను. కాని వాటికి మందు పేజీ చింపడం కాదు, విలేఖరిని మళ్ళీ పంపడం. నీళ్ళ సంగతీ అంతే. ఎన్నాళ్ళనుంచి రావడం లేదు, వాచ్‌మన్ ఏమన్నాడు, హెడ్మాస్టరు గారి జవాబేమిటి అని అడిగించి, ఆ జవాబుతో సహా వేయించాలి. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లవాడి పేరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు.

మన కళాశాల మిత్రులు ఇద్దరు శనివారం మధ్యాహ్నాలు అక్కడికి వెళ్ళగలిగితే ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. వ్యాసాలు మాత్రం వారు రాసిపెట్టకూడదు.