రూపము లేని చిత్రము: యస్.వి. రామారావుగారి కళ

చిత్రమును చూచినంతనే "ఇది యేమి?" అని మనము ప్రశ్నింతుము. చెట్టో, మనిషో కానరానిచో చిత్రకారుడు మనలను వంచించెనని తలంతుము. ఈ తొందరపాటువలన మన ప్రాంతపు చిత్రకారుని కృషియే మనకు పరాయిదగును.

2022 వరకు వినగడపయు, గుడివాడయు ఒకే కృష్ణాజిల్లాలోనివి. ఆ గుడివాడలో 1936లో జన్మించిన రామారావుగారు మద్రాసు చిత్రకళాశాలలో పణిక్కరుగారి వద్ద శిక్షణ పొంది, 1962లో కామన్వెల్తు విద్యార్థివేతనముపై లండనులోని స్లేడు కళాశాలకు వెళ్ళిరి. పిమ్మట అమెరికాలోని చికాగోలో స్థిరపడిరి. 2001లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ నొసగినది.

1905లో జర్మనీలోని డ్రెస్డెను నగరమున నలుగురు విద్యార్థులు ఒక బృందముగా నేర్పడి, కంటికి కనిపించు రూపముకంటె మనస్సులోని ఆవేదనకే తమ చిత్రములలో ప్రాధాన్య మిచ్చిరి. భావవ్యక్తీకరణ చిత్రకళకు అది యొక మొదలు. రెండవ ప్రపంచయుద్ధానంతరము న్యూయార్కు చిత్రకారులు పలువురు రూపమునే విడనాడిరి. రామారావుగారి చిత్రములు ఈ రెండవ త్రోవకు చెందినవి. వానిలో రంగులే మాటలు.

రేడియోలో సన్నాయి ఆలాపన వినునపుడు దాని అర్థమేమని మన మెవ్వరమును అడుగము. రాగము మనస్సును తాకిన చాలును. చెవికి గల ఆ ఓర్పును కంటికిని నేర్పుదము. ఇట్టి చిత్రము ఎదురైనపుడు పేరు వెదకక, రంగుల యెదుట కొంతసేపు నిలుతము.