క్లచ్ ప్లేటు పదే పదే పోతోందా? గేర్‌బాక్సు సెంటర్ చూపించండి

మూసీ కాలువకు నీళ్లు వచ్చాయంటే పెన్‌పహాడ్ మండలంలో దమ్ము పనులు ఒక్కసారే మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు మొరాయిస్తే మడిలో నారు ముదిరిపోతుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. వడ్ల బస్తాలతో మిర్యాలగూడ మిల్లులకు బయలుదేరిన డీసీఎం దారిలో ఆగినా నష్టమే. పాత బండి కొని, సొంత పనితో పాటు కిరాయికి తోలుకునే చిన్న రైతుకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

మెకానిక్ కొత్త క్లచ్ ప్లేటు వేస్తాడు. కొన్నాళ్లకే మళ్లీ అదే గోల. ప్లేటు నకిలీదనో, డ్రైవరు క్లచ్ మీది నుంచి కాలు తీయడనో అంటారు. అదీ నిజం కావచ్చు. అయితే చాలామంది చూడని కారణం ఇంకొకటి ఉంది. ఇంజను సెంటరు, గేర్‌బాక్సు సెంటరు కలవకపోవడం.

సెంటర్ అంటే ఏమిటి?

ఇంజను వెనుక తిరిగే ఫ్లైవీలును కప్పుతూ గంట ఆకారంలో ఉండే తొడుగే బెల్ హౌసింగ్. లారీ, డీసీఎం లాంటి బండ్లలో గేర్‌బాక్సు దీనికే బిగుస్తుంది. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి దూరి, దాని కొస ఫ్లైవీలు మధ్యనున్న పైలట్ బేరింగులో కూర్చుంటుంది. క్రాంకు, ఈ షాఫ్టు ఒకే గీత మీద తిరగాలి. వెంట్రుక మందం పక్కకు జరిగినా ప్రతి చుట్టుకూ షాఫ్టు మీద ఒత్తిడి పడుతుంది.

అప్పుడు పైలట్ బేరింగు త్వరగా అరుగుతుంది. క్లచ్ ప్లేటు మధ్యభాగం పగులుతుంది, స్ప్రింగులు ఊడతాయి. గేరు దానంతటదే జారవచ్చు. షాఫ్టు సీలు నుంచి ఆయిలు కారవచ్చు.

ఎలా చూడాలి?

ముందు బ్యాటరీ వైరు తీయాలి. క్లచ్ సెట్టు విప్పి, డయల్ గేజి స్టాండును ఫ్లైవీలుకు గట్టిగా బిగించాలి. గేజి ముల్లును హౌసింగ్ గుండ్రటి రంధ్రం లోపలి అంచుకు ఆనించి సున్నా పెట్టాలి. క్రాంకు పుల్లీ నట్టుకు పానా వేసి ఇంజనును చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. సెల్ఫ్ కొట్టరాదు. పావు చుట్టుకోసారి రీడింగు రాసుకోవాలి.

ఎక్కువ, తక్కువ రీడింగుల మధ్య తేడా 0.40 మిల్లీమీటర్లు వస్తే సెంటరు అందులో సగం, అంటే 0.20 జరిగిందన్నమాట. పెద్ద లారీల గేర్‌బాక్సులకు ఈ మొత్తం తేడా సుమారు 0.20 మిల్లీమీటర్లు దాటకూడదని చెబుతారు. మీ బండికి కంపెనీ పుస్తకంలో ఉన్న లెక్కే ఖాయం.

తర్వాత ముల్లును గేర్‌బాక్సు ఆనే ముఖం మీద పెట్టి ఇలాగే తిప్పాలి. క్రాంకు ముందుకూ వెనక్కూ ఆడకుండా ఒకే వైపుకు నెట్టి పట్టుకోవాలి. డయల్ గేజి మీ మెకానిక్ దగ్గర లేకపోతే సూర్యాపేట, కోదాడ లాంటి పట్టణాల్లో లేత్ షాపుల వారిని అడగండి.

తేడా వస్తే...

వెంటనే హౌసింగ్ మార్చక్కర్లేదు. విప్పి రెండు ముఖాల మీది మట్టి, రంగు, తుప్పు, లేచిన అంచులు శుభ్రం చేసి మళ్లీ బిగించి చూడాలి. తేడాకు ఒక్కోసారి ఎండిన మట్టి పెళ్లే కారణం. సెంటరును నిలిపేవి డోవెల్ పిన్నులు. అవి పోయినా, వాటి రంధ్రాలు సాగినా బోల్టులు ఆ పని చేయలేవు. అప్పటికీ తేడా పోకపోతే సరిచేసే ప్రత్యేక పిన్నులు వేయించాలి, లేదా హౌసింగ్ మార్చాలి. వెల్డింగు చేసిన, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హౌసింగును చూడకుండా బిగించనీయవద్దు.

ట్రాక్టరు సంగతి

చాలా ట్రాక్టర్లలో క్లచ్ గది గేర్‌బాక్సు పెట్టెలోనే కలిసి ఉంటుంది కనుక ఈ కొలత ఇలాగే కుదరదు. వాటిలో పిన్నులు, ముఖాల శుభ్రత, పైలట్ బేరింగు చూడాలి. ట్రాక్టరుకు విడిగా ఛాసిస్ లేకపోతే ఇంజను, గేర్‌బాక్సే దాని వెన్నెముక. దమ్ములో ఇనుప చక్రాలతో తిరిగినప్పుడు ఆ అతుకు మీద బరువు పడుతుంది. బోల్టులు వదులయ్యాయేమో సీజనుకు ముందే చూపించుకోండి. బండిని రెండుగా విడదీసేటప్పుడు ముందు ఇరుసు దగ్గర రెండు పక్కలా చెక్క మేకులు దిగ్గొట్టాలి. లేకుంటే ఇంజను పక్కకు ఒరిగి మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

బిగించేటప్పుడు దగ్గరుండండి

గేర్‌బాక్సు చేతి ఒత్తిడికే లోపలికి జరిగి ముఖానికి ముఖం ఆనాలి. సందు ఉండగానే బోల్టులతో లాగితే షాఫ్టో, క్లచ్ ప్లేటో దెబ్బతింటుంది. సగం ఎక్కిన గేర్‌బాక్సు బరువును షాఫ్టు మీద వేలాడనీయకుండా జాకీ పెట్టాలి.

మరోసారి క్లచ్ ప్లేటు కొనే ముందు “సెంటరు చూశారా?” అని మెకానిక్‌ను ఒక్క మాట అడగండి. గేర్‌బాక్సు ఎలాగూ దిగి ఉంటుంది కనుక చూడటానికి పట్టేది కాస్త సమయమే. చూడకుండా బిగిస్తే మళ్లీ దింపే ఖర్చు మీదే.