పదకొండు నెలల పచ్చదనం

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర తలెత్తి చూస్తే గోడల కంటే ఫ్లెక్సీలే ఎక్కువ. జావా, పైథాన్, డేటా సైన్స్... వాటి వెనుక గదుల్లో పొద్దున్నే మొదటి బ్యాచ్ కూర్చుంటే చివరి బ్యాచ్ లేచేసరికి రాత్రవుతుంది. కిటికీలను ఫ్లెక్సీలు మూసేశాయి. ఫ్యాను ఆగిందంటే క్లాసు ఆగినట్టే.

‘హరిత పరివర్తన’ అంటే ఇక్కడ ఎవరికీ పట్టదు. కరెంటు బిల్లు మాట ఎత్తండి, కుర్చీ వేసి మరీ చెబుతారు.

ఆ బిల్లు లెక్కే చూద్దాం. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. 20 ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే మిగిలేది సుమారు 11 యూనిట్లు. కమర్షియల్ మీటరులో యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా నెలకు మూడు వేలు దాటుతుంది. ఒక్కోటి మూడు వేల చొప్పున ఫ్యాన్లకు పెట్టిన 60 వేలు వెనక్కి రావడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. అద్దె అగ్రిమెంటు మాత్రం పదకొండు నెలలు! రిజిస్ట్రేషన్ జోలికి పోకూడదని చాలామంది అక్కడే ఆపుతారు.

ఫ్యాను నయం, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుపోవచ్చు. సోలార్ సంగతి అలా కాదు. కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల ఎండ తగిలే చోటు కావాలి, అప్పుడు రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. ఈ మేడల మీద వాటర్ ట్యాంకులు, సెల్ టవర్లు, పెంట్‌హౌసులు, హాస్టల్ పిల్లల బట్టల తీగలు పోగా మిగిలే చోటెంత? మిగిలినా అది ఓనరుది. బిల్లు కట్టేది అద్దెకున్నవాడు, అందుకే ఓనరుకు తొందర లేదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇచ్చే 78 వేల దాకా సబ్సిడీ ఇళ్లకే. కింద ఉన్న జిరాక్స్ షాపుకు పైసా రాదు.

అందుకే ఈ చుట్టుపక్కల మోసుకుపోగలిగినవే ముందు మారాయి. పంజాగుట్ట షోరూముల్లో ఎల్‌ఈడీలు, ఇన్వర్టర్ ఏసీలు వచ్చాయి. డెలివరీ కుర్రాళ్ల కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు కనిపిస్తున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా వాటికి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. బాగుంది, మరి ప్లగ్గు? హాస్టల్ వార్డెను ‘కింద చార్జింగ్ పెట్టొద్దు’ అంటే బ్యాటరీ ఊడదీసి మూడో అంతస్తుకు మోసుకెళ్లాల్సిందే.

కర్రీ పాయింట్లది ఇంకో తీరు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, కప్పులు, ప్లేట్లపై 2022 జూలై 1న నిషేధం వచ్చింది. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీబ్యాగులూ కుదరవు. అయినా రాత్రి ఎనిమిదింటికి కౌంటరు ముందు నిలబడి చూడండి: గరిటెడు సాంబారు సన్నటి కవర్లోకి జారుతుంది, మూతి మెలిపడుతుంది, రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిరుగుతుంది. క్యూ పొడుగ్గా ఉంటే చట్టం గుర్తుండదు. డబ్బా తెచ్చిన కుర్రాడికి ఒక గరిటె ఎక్కువ పోస్తామని బోర్డు పెడితే జరిమానాల కంటే త్వరగా పని జరుగుతుందని నా నమ్మకం.

సాయం అసలు లేదనీ కాదు. చిన్న వ్యాపారులకు పాఠాలు చెప్పే జాతీయ సంస్థ నిమ్స్‌మే ఇక్కడికి కూతవేటు దూరంలోని యూసుఫ్‌గూడలోనే ఉంది. పచ్చటి పెట్టుబడులకు రెండు కోట్ల దాకా తీసుకునే అప్పుపై రెండు శాతం వడ్డీ రాయితీ ఇచ్చే కేంద్ర పథకం కూడా 2023 డిసెంబరులో వచ్చింది. 60 వేల రూపాయల ఫ్యాన్ల కోసం ఆ అప్పు కాగితాలు పట్టుకు తిరిగేదెవరు?

ఈసారి అగ్రిమెంటు రెన్యువల్‌కు కూర్చున్నప్పుడు అద్దె ఒక్కటే బేరమాడకండి. ఫ్యాన్లు ఎవరు కొంటారు, వెళ్లేటప్పుడు ఎవరివి, మేడ మీద ఎండ ఎవరిది అన్న మూడు ముక్కలూ ఆ కాగితంలోనే రాయించుకోండి.